నల్లమల దారిలో అడుగుజాడలు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు మార్గాన సుమారు 215 కిలోమీటర్లు. మూడింట రెండు వంతుల దూరం ఆ దారి ఊళ్ళ మధ్య, పత్తిచేల మధ్య, ప్లాట్ల బోర్డుల మధ్య సాగుతుంది. మన్ననూరు దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టు వస్తుంది. ఆ గేటు దాటింది మొదలు శ్రీశైలం దాకా, శ్రీశైలం నుంచి దోర్నాల దాకా, దోర్నాల దగ్గర పడమటికి మళ్ళి ఆత్మకూరు పొలిమేర దాకా కొండా అడవే. మధ్యలో ఒక గుడి ఊరు, ఒక ఆనకట్ట, కొన్ని చెంచు గూడేలు, అంతే. దాదాపు నూట ఎనభై కిలోమీటర్ల అడవి దారి ఇది. సొంత కారులో, పిల్లాపెద్దా కలిసి, పులి తిరిగే అడవి గుండా ఇంత దూరం వెళ్ళే వీలు తెలుగు నేల మీద అరుదు.

అయినా ఈ దారిన వెళ్ళేవాళ్ళలో చాలామంది అడవి చూడాలని బయల్దేరరు. మల్లన్న దర్శనానికి వెళ్తూ దాటిపోతారు. తెల్లవారుజామున బయల్దేరడం, మధ్యాహ్నానికి దర్శనం, సాయంత్రం తిరుగు ప్రయాణం. వెనకసీట్లో పిల్లలు నిద్రపోతుంటారు, ఏసీ కోసం అద్దాలు బిగించి ఉంటాయి. దేశంలోని పెద్ద పులుల అభయారణ్యాల్లో ఒకటి కిటికీ పక్కన రెండు గంటలపాటు నడిచొచ్చి వెనక్కి వెళ్ళిపోతుంది. అదే దారిని రెండు మూడు రాత్రుల బసతో, ఆగాల్సిన చోట ఆగుతూ, అద్దాలు దించుకుని వెళ్తే అడవి తన సంగతులు చాలానే చెబుతుంది. ఆ సంగతులు ఎక్కువగా జాడల రూపంలో ఉంటాయి. మట్టిలో అడుగు, చెట్టు బెరడు మీద గోటి గీత, లోయలోంచి ఒక అరుపు. వాటిని చదవడం వస్తే పులి ఎదురుపడకపోయినా ప్రయాణం వెలితిగా మిగలదు.

కొండ, అడవి, కాపలా

నల్లమల తూర్పు కనుమల్లో భాగం. కృష్ణకు దక్షిణాన మొదలై పెన్న వైపు ఉత్తర దక్షిణాలుగా బారులు తీరిన కొండలివి. నదికి ఉత్తరాన ఉన్న అమ్రాబాద్ పీఠభూమి ఇదే అడవికి కొనసాగింపు. కొండల ఎత్తు సగటున అయిదు వందల మీటర్ల పైచిలుకు. గుండ్లబ్రహ్మేశ్వరం వంటి శిఖరాలు తొమ్మిది వందలు దాటుతాయి. హిమాలయాల్లా ఆకాశాన్నంటే కొండలు కావు. పైభాగం బల్లపరుపుగా ఉండి, అంచుల్లో ఒక్కసారిగా లోయలోకి తెగిపోతాయి. కడప బేసిన్ అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే పురాతన సముద్రపు అడుగున పేరుకున్న ఇసుక, బురద గట్టిపడి క్వార్ట్‌జైటుగా, పలకరాయిగా మారాయి. వాటి వయసు నూరు కోట్ల ఏళ్ళకు పైమాటే. కొన్నిచోట్ల రాతిమీద అలల గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఏటి ఒడ్డున తడి ఇసుక మీద పడే గీతలు ఎలా ఉంటాయో అచ్చం అలాగే ఉండే ఆ గీతల మీద పిల్లల చేత వేళ్ళు పెట్టించి చూపించవచ్చు.

కృష్ణకు రెండు వైపులా ఉన్న ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. 2014లో రాష్ట్ర విభజనతో అడవి కూడా రెండయింది. నదికి ఉత్తరాన ఉన్న భాగం 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా తెలంగాణకు వచ్చింది. దక్షిణ భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం పేరుతోనే ఆంధ్రప్రదేశ్‌లో ఉండిపోయింది. పులికి ఈ విభజనతో పని లేదు. ఈత బాగా వచ్చిన జంతువది, నది దానికి పెద్ద అడ్డంకి కాదు.

2022 జాతీయ గణనలో నాగార్జునసాగర్–శ్రీశైలంలో 58 పులులు, అమ్రాబాద్‌లో 12 లెక్కకొచ్చాయి. రెండూ కలిపి సుమారు ఆరు వేల చదరపు కిలోమీటర్ల అడవికి 70 పులులు. అంటే దారిన పోయే కారుకు పులి కనపడడం చాలా అరుదైన అదృష్టం. ఇది పిల్లలకు బయల్దేరేముందే చెప్పడం మంచిది. పులి కోసమే వెళ్ళినవాళ్ళ కంటికి దుప్పి ఆనదు, కొండముచ్చు ఆనదు, గద్ద ఆనదు. చివరికి ఏమీ లేదన్న మాటతో ఇల్లు చేరతారు.

మన్ననూరు గేటు

హైదరాబాద్ దాటాక కడ్తాల్, ఆమనగల్లు, డిండి వరసగా వస్తాయి. డిండి జలాశయం కట్ట దగ్గర పొద్దున్నే ఆగితే కొంగలు, నీటికాకులు కనిపిస్తాయి. అచ్చంపేట వైపు మళ్ళితే రంగాపూర్ దగ్గర ఉమామహేశ్వరం ఉంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారమని పేరున్న ఆ గుడి కొండచరియ కింద ఒదిగి ఉంటుంది. అక్కడి నుంచి కిందికి చూస్తే మైదానం ఎక్కడ ఆగి కొండ ఎక్కడ లేచిందో ఒక్క చూపులో తెలుస్తుంది.

మన్ననూరు గేటును రాత్రి 9 గంటలకు మూసి ఉదయం 6కి తెరుస్తారు. అవతలి వైపు దోమలపెంట దగ్గరా ఇదే పద్ధతి. దోర్నాల, ఆత్మకూరు దారుల్లో కూడా రాత్రి రాకపోకలు ఆపేస్తారు. ఇది ప్రయాణికులను పులి నుంచి కాపాడడానికి పెట్టిన నియమమని చాలామంది అనుకుంటారు. అసలు కాపాడవలసింది రోడ్డు దాటే ప్రాణులను. చీకటి పడ్డాక తారు వెచ్చగా ఉంటుంది; ఆ వెచ్చదనానికి పాములు రోడ్డెక్కుతాయి. దుప్పుల కళ్ళలో హెడ్‌లైటు పడితే అవి పరిగెత్తవు, నిలబడిపోతాయి. చిరుతలు, పునుగులు, కుందేళ్ళు తిరిగే వేళ కూడా అదే. పగలు సైతం ఈ రోడ్డు మీద వేగం ముప్ఫై, నలభై దాటకుండా వెళ్ళడం న్యాయం. కొత్త ఇంజిన్లకు ఇది కష్టమే అయినా, మలుపు తిరగ్గానే ఎదురయ్యే దుప్పి కూనకు మరో ఉపాయం లేదు.

మన్ననూరు నుంచి శ్రీశైలం దాకా స్తంభాల మీద ఎత్తైన రహదారి కట్టాలన్న ప్రతిపాదన కొన్నేళ్ళుగా నడుస్తోంది. కింద జంతువులు, పైన వాహనాలు అన్నది దాని ఆలోచన. ఈ పీఠభూమికి ఇంతకుముందు ఇంకా పెద్ద గండమే వచ్చింది. యురేనియం కోసం తవ్వకాలన్న మాట పుట్టినప్పుడు అమ్రాబాద్ మండలం ఊళ్ళూ, చెంచు పెంటలూ ఒక్కటై నిలబడ్డాయి. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దంటూ తీర్మానం చేసింది.

ఫరహాబాద్: అడవిని వినడం

మన్ననూరు దాటి కాస్త దూరం వెళ్ళాక ఎడమవైపో కుడివైపో చూపు పడాల్సింది ఒక తెల్లటి చెట్టు మీద. తపసి చెట్టు. ఎండాకాలంలో ఆకు ఒక్కటీ ఉండదు. నున్నటి, తెల్లటి మాను మీద బెరడు పలచటి కాగితంలా పొరలు పొరలుగా లేస్తుంది. మధ్యాహ్నం ఎండలో దూరం నుంచి చూస్తే సున్నం కొట్టిన బొమ్మలా నిలబడి ఉంటుంది. దాని బంకను చెంచులు సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. తపసి పక్కనే నల్లమద్ది ఉంటుంది. మొసలి వీపులా గడులు గడులుగా పగిలిన నల్లటి బెరడు దానిది. ఆ రెండింటినీ గుర్తుపట్టడం నేర్చుకున్న పిల్లలకు చిరుమాను, తునికి, మొర్రి, వెదురు ఒకదాని తరవాత ఒకటి వాటంతటవే పరిచయమవుతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోదుగ పూస్తుంది. ఆకుల్లేని అడవిలో అక్కడక్కడా నిప్పంటుకున్నట్టు కనిపిస్తుంది.

ఫరహాబాద్ గేటు దగ్గర అటవీశాఖ సఫారీ వాహనాలు ఉంటాయి. నిజాం కాలంలో వేటకు, వేసవి విడిదికి పేరుపడిన చోటు ఇది. జీపు మట్టిదారిన అడవి లోపలికి వెళ్ళి, కొండ అంచున ఉన్న వ్యూ పాయింట్ దాకా తీసుకెళ్తుంది. అంచున నిలబడితే కింద మైదానం, చెరువులు, దూరాన ఊళ్ళు పరుచుకుని ఉంటాయి. ఆ దృశ్యం బాగుంటుంది. దానికన్నా విలువైనది మాత్రం అక్కడికి వెళ్ళే మట్టిదారి. పొద్దుటి మొదటి జీపులో కూర్చోవాలి, డ్రైవర్ పక్కన ఉండే చెంచు గైడు చూపు ఎటుపోతోందో గమనించాలి. అతని చూపు చెట్ల మీదికన్నా ఎక్కువగా నేల మీదికే పోతుంది.

మెత్తటి దుమ్ములో పులి అడుగు పడితే నాలుగు వేళ్ళు, వెనక వెడల్పాటి అరికాలి మెత్త కనిపిస్తాయి. గోళ్ళు కనిపించవు, పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్ళను లోపలికి లాక్కుంటుంది. కుక్క, దుమ్ములగొండి అడుగుల్లో గోటి ముద్రలు ఉంటాయి. తేడా తెలియడానికి ఇదొక్కటి చాలు. మగపులి అడుగు చుట్టూ గీత గీస్తే దాదాపు చతురస్రం వస్తుంది, వేళ్ళు గుండ్రంగా ఉంటాయి. ఆడపులిది కొంచెం పొడుగు, వేళ్ళూ పొడుగే. అంచులు పదునుగా ఉంటే అడుగు తాజాది. అడుగులో మంచుబొట్లు పడిన గుంటలు ఉంటే అది రాత్రిది. దాని మీదుగా చీమలబారు నడిచిందంటే ఇంకా పాతది. ఒకప్పుడు దేశమంతటా పులుల్ని ఈ అడుగుల్ని బట్టే లెక్కపెట్టారు. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులన్నీ మాయమయ్యాయని 2005 ప్రాంతంలో బయటపడ్డాక ఆ పద్ధతిని పక్కనపెట్టి కెమెరా ట్రాపులకు మారారు. మనిషి వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు కాబట్టి, ఫొటోలోని చారలే ఇప్పుడు దాని గుర్తింపు కార్డు.

కంటికన్నా ముందు చెవికి పని పడేది కూడా ఇక్కడే. ఇంజిన్ ఆపి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంటే అడవి మళ్ళీ మొదలవుతుంది. ముందు పక్షులు, తరవాత ఆకుల సవ్వడి. దుప్పులు, కొండముచ్చులు కలిసి మేయడం ఈ అడవిలో రోజూ కనిపించే సంగతి. కొండముచ్చు పైన చిగుళ్ళు తెంపుతూ సగం కింద పడేస్తుంది, దుప్పి వాటిని తింటుంది. అందుకు బదులన్నట్టు దుప్పి ముక్కు, చెవులు నేల మీద కాపలా కాస్తాయి. కొండముచ్చు కళ్ళు చెట్టు మీది నుంచి కాపలా కాస్తాయి. పులి గానీ చిరుత గానీ కదిలితే కొండముచ్చు గొంతులోంచి దగ్గులాంటి బొంగురు అరుపు లేస్తుంది. దుప్పి సన్నగా, కీచుగా కూస్తుంది. కణితి మాత్రం ఊరికే అరవదు. గొంతు నిండా వచ్చే దాని ఒక్క కేక లోయంతా మోగుతుంది. కణితి అదే పనిగా అరుస్తోందంటే గైడు జీపు ఆపిస్తాడు. అక్కడేదో ఉందని దాదాపు ఖాయం. అది పొద బయటికి రావొచ్చు, రాకపోవచ్చు. ఆ పది నిమిషాలు ఊపిరి బిగపట్టుకుని కూర్చున్న పిల్లలు ఆ నిశ్శబ్దాన్ని మాత్రం మర్చిపోరు.

ఈ అడవిలోని గిట్టల జంతువుల్లో అన్నిటికన్నా చిన్నది మూషిక జింక. కుందేలంత ఉంటుంది, ఒంటి మీద తెల్లటి మచ్చలు, కాళ్ళు పెన్సిళ్ళలా సన్నం. కొమ్ములుండవు. రాత్రుళ్ళు తిరుగుతుంది, అలికిడైతే రాయిలా నిలిచిపోతుంది, కాబట్టి చూసినవాళ్ళు తక్కువ. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, నెహ్రూ జూ పార్కు కలిసి 2010లో దీని సంతతి పెంచే పని మొదలుపెట్టి, 2017లో మొదటిగా ఎనిమిదింటిని అమ్రాబాద్ అడవిలో వదిలారు. జూలో పుట్టిన జంతువును అడవికి తిరిగి అప్పగించడమన్నది వినడానికి చిన్న మాటే. ముందు కంచె వేసిన అడవి ముక్కలో ఉంచి, తిండి తనే వెతుక్కోవడం అలవాటు చేయాలి. పులి కథలన్నీ చెప్పుకునే దారిలో ఈ చిన్న ప్రాణి కథ ఒక్కటైనా పిల్లల చెవిన పడాలి.

ఎలుగుబంటి, నాలుగు కొమ్ముల కొండగొర్రె, మనుబోతు, అడవిపంది, రేచుకుక్కల గుంపు, అలుగు కూడా ఈ అడవిలో ఉన్నాయి. ఎలుగుబంటి చెదపుట్టను తవ్వి, గాలి ఊది దుమ్ము తొలగించి, పురుగుల్ని ఒక్కసారిగా పీల్చేస్తుంది. దారి పక్కన ముక్కలైన పుట్ట కనిపిస్తే అది దాని పనే. పిల్లల్ని వీపు మీద మోసుకు తిరిగే తల్లి ఎలుగు ఎదురైతే జీపు కదలకూడదు, ఎవరూ దిగకూడదు. చెంచులు పులికన్నా ఎలుగుకే ఎక్కువ జాగ్రత్త పడతారు.

పెంటలు, పాయలు

ఈ దారిలో ఊరి పేర్లకు పెంట అన్న మాట తగిలి ఉంటుంది. దోమలపెంట, ఈగలపెంట, అవతలి వైపు రొళ్ళపెంట. బయటి జిల్లాలవాళ్ళకు ఆ మాటకు వేరే అర్థం తోచి నవ్వు రావొచ్చు. చెంచుల మాటలో పెంట అంటే గూడెం. ఈ అడవికి మొదటి హక్కుదారులు వాళ్ళే. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వీళ్ళ మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో వెలువడింది. కొండచరియకు పట్టిన తేనెపట్టు దింపడానికి చెంచు తాడు పట్టుకుని లోయలోకి దిగుతాడు. పైన తాడును కాచేది బావమరిది. తోబుట్టువు పసుపుకుంకాలు అతని చేతిలో ఉన్నట్టే కాబట్టి తాడు జారనివ్వడన్నది వాళ్ళ ఆచారంలోని నమ్మకం. శ్రీశైల మల్లన్నను చెంచు మల్లయ్య అని పిలుచుకుని అల్లుడి వరస కలుపుకుంటారు. అహోబిలం నరసింహస్వామికి చెంచులక్ష్మి ఇల్లాలు. నల్లమల ఉత్తరాన శివుడు, దక్షిణాన విష్ణువు ఇద్దరూ చెంచింటి అల్లుళ్ళే. ఇవాళ పులుల కాపలా బేస్ క్యాంపుల్లో, జాడ పట్టే పనుల్లో ఎక్కువగా ఉన్నది కూడా చెంచు యువకులే. దారి పక్కన తేనె, చింతపండు అమ్ముతూ కనిపించే వాళ్ళ ఫొటో తీయాలంటే ముందు అడగడం మర్యాద.

వట్వర్లపల్లి దగ్గర పక్కదారి పట్టి కొన్ని కిలోమీటర్లు వెళ్తే మల్లెలతీర్థం. మూడు వందలకు పైగా మెట్లు దిగాలి. మెట్లు దిగుతున్నకొద్దీ గాలి చల్లబడుతుంది, తడి ఆకుల వాసన వస్తుంది, నీటి చప్పుడు దగ్గరవుతుంది. అడుగున నాచు పట్టిన రాతిగోడ మీది నుంచి నీళ్ళు సన్నటి పాయలుగా జారి మడుగులో పడతాయి. వానాకాలం ముగిశాక, అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా ధార నిండుగా ఉంటుంది. మే నెలలో వెళ్తే రాయి మాత్రమే మిగులుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు పైనే చెట్టు నీడన కూర్చోవడం మేలు. దిగడం తేలికే, ఎక్కడం కష్టం. తెడ్డులాంటి రెండు ఈకలను తోకకు వేలాడదీసుకుని ఇతర పక్షుల గొంతులు అనుకరించే ఏట్రింత ఇక్కడి చెట్లలో వినిపిస్తుంది. అదృష్టముంటే వెండి రిబ్బన్ లాంటి పొడుగు తోకతో తోకపిగిలిపిట్ట నీటి మీదుగా ఎగురుతుంది.

దోమలపెంట దగ్గర రోడ్డు పక్కన ఆక్టోపస్ వ్యూ పాయింట్ అని పిలిచే చోటు నుంచి చూస్తే కృష్ణ కొండల సందుల్లోకి చేతులు చాచినట్టు పాయలు పాయలుగా కనిపిస్తుంది. ఆనకట్ట వెనక నీరు లోయల్లోకి ఎగదన్ని నిలవడం వల్ల వచ్చిన ఆకారమది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు 1980ల్లో పూర్తిస్థాయిలో నిలబడింది. 512 మీటర్ల పొడవు, 12 గేట్లు, 885 అడుగుల పూర్తి నీటిమట్టం. ఎడమగట్టున కొండను తొలిచి భూగర్భంలో కట్టిన కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో గేట్లు ఎత్తినప్పుడు తుంపర మేఘంలా రోడ్డు మీదికి వస్తుంది, కార్లు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోతాయి. గేట్లు చూడాలనుకునేవాళ్ళు పనిదినాన పొద్దున్నే రావడం మంచిది. జలాశయంలో మొసళ్ళున్నాయి, కాబట్టి నిర్ణయించిన ఘాట్లలో తప్ప దిగకూడదు.

శ్రీశైలం నుంచి దోర్నాల, ఆత్మకూరు

శ్రీశైలం గుడి గురించి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పేదేమీ లేదు. రాత్రి బసకు సత్రాలకు కొరత లేదు, ముందు బుక్ చేసుకుంటే చాలు. సుండిపెంటలో అటవీశాఖ జీవవైవిధ్య పరిశోధనా కేంద్రం ఉంది. నల్లమల పాములు, సాలీళ్ళు, కప్పల మీద పని చేసే చోటు అది. ఉదయం సాక్షి గణపతి, హటకేశ్వరం మీదుగా శిఖరం ఎక్కితే సుమారు 2,830 అడుగుల ఎత్తు నుంచి కొండలు ఒకదాని వెనక ఒకటి నీలంగా మసకబారుతూ కనిపిస్తాయి. కర్ణాటక భక్తులు ఉగాదికి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా ఈ అడవిలో కాలినడకన వస్తారు. ఆ దారిలోని రాతిమెట్లు రెడ్డిరాజుల నాటివి. పిల్లలకు భీముని కొలను వైపు మెట్లు కాసేపు చూపిస్తే, రోడ్డు లేని రోజుల్లో యాత్ర అంటే ఏమిటో అర్థమవుతుంది.

శిఖరం నుంచి దోర్నాల దాకా ఘాట్ దారి మలుపుల మయం. కళ్ళు తిరిగే పిల్లలను ముందుసీట్లో కూర్చోబెట్టి, కడుపు నిండా తినిపించకుండా బయల్దేరాలి. మధ్యలో తుమ్మలబయలు దగ్గర జీపు సఫారీ ఉంది. ఈ దారిలో అన్నిటికన్నా బాధపెట్టేది కోతుల గుంపులు. అరటిపళ్ళు, చిప్సు, మరమరాలు విసిరే కార్ల కోసం అవి గోడ మీద బారులు తీరి కూర్చుంటాయి. పుణ్యమని వేసే ఆ పిడికెడు తిండి వాటిని అడవి నుంచి తారు మీదికి రప్పిస్తుంది. పిల్లను కడుపుకు కరిపించుకున్న తల్లికోతి, విసిరిన పండు కోసం లారీ ముందుకు దూకిన చోట రక్తపు మరక ఎండిపోయి ఉంటుంది. తిండి వేయకపోవడమే ఇక్కడ దయ. ప్లాస్టిక్ కవర్ల సంగతీ అంతే. పులిహోర తిన్న విస్తరాకు మట్టిలో కలుస్తుంది, కవరు దుప్పి కడుపులోకి పోతుంది. కారులో ఒక సంచి కట్టుకుని చెత్తంతా అందులో వేసి బయటికి తెచ్చేస్తే సరిపోతుంది.

దోర్నాల నుంచి ఆత్మకూరు వెళ్ళే రోడ్డు మీద రద్దీ తక్కువ. నల్లమల అసలు నెమ్మది ఇక్కడుంది. రొళ్ళపెంట దాటి బైర్లూటి వచ్చేసరికి వెదురు, టేకు చిక్కబడతాయి. బైర్లూటిలో అటవీశాఖ జంగిల్ క్యాంపు ఉంది. గుడారాలు, కుటీరాలు, పొద్దున్నా సాయంత్రం సఫారీ. రెండో రాత్రి ఇక్కడ గడిపితే దీపాలార్పాక ఆకాశంలో ఎన్ని నక్షత్రాలుంటాయో నగరం పిల్లలు మొదటిసారి చూస్తారు. వేసవిలో అడవి వాగులు ఎండిపోయాక అటవీశాఖ సిమెంటు సాసర్ పిట్లలో నీళ్ళు నింపుతుంది. సాయంకాలం వాటి దగ్గరికి దుప్పుల మంద రావడం చూడాలి. పెద్ద దుప్పి ఒకటి ముందుకొచ్చి, ముక్కు పైకెత్తి గాలి పట్టి, కాలితో నేలను ఒకసారి తట్టి, మెడ వంచబోయి మళ్ళీ ఎత్తుతుంది. అది తాగడం మొదలుపెట్టాకే మిగతావి వస్తాయి. ఒక గుక్క నీటికి ఇంత భయం పడాల్సి రావడమేమిటని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్నతో పులి సంగతి, గడ్డి సంగతి, నీటి సంగతి అన్నీ చెప్పుకోవచ్చు.

ఆత్మకూరుకు దగ్గర్లోనే, 2023 మార్చిలో కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం పొదల్లో నాలుగు పులికూనలు ఊరివాళ్ళకు దొరికాయి. కుక్కల పాలు కాకుండా వాటిని కాపాడి ఒక గదిలో ఉంచి అటవీశాఖకు కబురు పెట్టారు. నాలుగూ ఆడకూనలే. టి-108 అని నంబరున్న తల్లి కోసం సిబ్బంది రాత్రింబవళ్ళు అడుగులు వెతికారు, కెమెరాలు బిగించారు, కూనల్ని తల్లికి చేర్చాలని అడవిలోకి తీసుకెళ్ళి ఎదురుచూశారు. తల్లి రాలేదు. చివరికి కూనల్ని తిరుపతి జూకు తరలించారు. పులి పేరు వింటే కర్ర అందుకునే ఊళ్ళ కథలే ఎక్కువ విన్న మనకు, ఈ ఊరు చేసిన పని గుర్తుపెట్టుకోదగ్గది.

నంద్యాల, పచ్చర్ల

ఆత్మకూరు నుంచి వెలుగోడు మీదుగా నంద్యాల చేరితే ప్రయాణాన్ని అక్కడే ముగించవచ్చు. ఒక రోజు మిగిలి ఉంటే నంద్యాల నుంచి గిద్దలూరు వైపు తూర్పుకు వెళ్ళే ఘాట్ దారిలో మరో నల్లమల ఉంది. గాజులపల్లె దాటాక అడవి మళ్ళీ మొదలవుతుంది. పచ్చర్లలో ఇంకో జంగిల్ క్యాంపు ఉంది. రోడ్డుకు తోడుగా గుంటూరు–గుంతకల్లు రైలుమార్గం కూడా కొండను దాటుతుంది. ఆ దారిలో బొగద అనే ఊరుంది. బొగద అంటే సొరంగం. ఇక్కడి సొరంగం పేరే ఊరికీ వచ్చింది. రైలు దానిలోకి దూరి అవతలి వైపు తేలే క్షణం కోసం పిల్లలు ఎంతసేపైనా ఎదురుచూస్తారు.

ఈ చుట్టుపక్కల అడవిలో చాలా అరుదైన ఒక ప్రాణి ఉంది. అరచేయంత సాలీడు, ఒళ్ళంతా నెమలికంఠం నీలం, కాళ్ళ మీద పసుపు మచ్చలు. 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గుత్తి దగ్గర రైల్వే కలప యార్డులో దొరికిన నమూనాను బట్టి దీన్ని లోకానికి పరిచయం చేశాడు. ఆ తరవాత నూరేళ్ళు ఎవరికీ కనపడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ బయటపడింది. గుత్తికి అది కలప బండిలో చేరి ఉంటుందన్నది ఇప్పటి అంచనా. పాత చెట్ల తొర్రల్లో దాని కాపురం. చెట్టు నరికితే దాని ఇల్లు పోయినట్టే. అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న ప్రాణుల జాబితాలో ఉంది. పగలు తొర్రలోంచి బయటికి రాదు, కాబట్టి చూడాలని వెతకవద్దు. తొర్రల్లో కట్టెలు పెట్టి కదిలించడం అసలే వద్దు. ఆ పాత మాను పక్కనుంచి వెళ్తున్నప్పుడు లోపల ఒక నీలిరంగు ప్రాణి ఉండొచ్చని పిల్లలకు చెబితే చాలు.

ఎప్పుడు వెళ్ళాలన్న ప్రశ్నకు జవాబు ఏం చూడాలన్నదాన్ని బట్టి ఉంటుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు మూసేస్తారు. ప్రధాన రోడ్డు మీద ప్రయాణం మాత్రం సాగుతుంది, కొండలు పచ్చగా పొగమంచు కప్పుకుని ఉంటాయి. అక్టోబరు నుంచి జనవరి దాకా జలపాతాలకు, పక్షులకు, పసిపిల్లలతో వెళ్ళడానికి అనువైన కాలం. జంతువులు ఎక్కువగా కనపడేది మార్చి నుంచి మే దాకా. ఆకులు రాలి చూపు దూరం పోతుంది, నీటి దగ్గరికి అన్నీ రాక తప్పదు. ఎండ మాత్రం నలభై డిగ్రీలు దాటుతుంది. అడవి మంటలు లేచేది కూడా అప్పుడే. ఎండుటాకుల మీద ఒక బీడీ ముక్క, చల్లారని ఒక పొయ్యి చాలు. ఆ మంటలో నేల మీద గూడు పెట్టుకున్న పిట్టలు, పాకే తాబేళ్ళు ముందుగా పోతాయి. పెట్రోలు అచ్చంపేటలోనో, శ్రీశైలంలోనో, ఆత్మకూరులోనో నింపుకోవాలి. అడవిలో చాలాచోట్ల ఫోను పలకదు. బైనాక్యులర్స్ ఒక జత, ఒక పక్షుల పుస్తకం, నీళ్ళ స్టీలు సీసాలు, రాళ్ళలో నడవడానికి బూట్లు ఉంటే చాలు. ముదురు ఎరుపు, తెలుపు బట్టలకన్నా మట్టిరంగు, ఆకుపచ్చ నయం.

తిరుగు ప్రయాణం నంద్యాల నుంచి కర్నూలు, అక్కడి నుంచి 44వ జాతీయ రహదారి మీద హైదరాబాద్. ఆ దారిలో రాత్రి గేట్లు లేవు. పచ్చర్లలో సాయంత్రం సఫారీ చూసుకుని కూడా ఆ రాత్రికే ఇల్లు చేరవచ్చు.